టైర్ల షాపు మేడ మీద అయ్యగారు

ఆహ్వానపత్రికలోంచి బావ పేరు తీసేసింది బావమరిది చేతులే.

రేకుల షెడ్డులో పదకొండు మందితో మొదలైన క్రైస్తవ సంఘం అది. దానికి పందొమ్మిదేళ్ళు పాస్టరుగా ఉన్నాడు బావ, అందరి నోటా అయ్యగారు. ఇటుకలు మోశాడు. పెళ్ళిళ్ళు చేశాడు. వానలో సమాధుల దగ్గర గొడుగు లేకుండా నిలబడి ప్రార్థనలు చేశాడు. చివరికి ఆ షెడ్డు ఉన్నచోట రంగుటద్దాల కిటికీలతో పెద్ద ఆలయం లేచింది. ప్రారంభోత్సవం కార్డు అచ్చు వేయించడానికి సంఘం ట్రెజరర్ బావమరిది నడిపే డీటీపీ షాపుకొచ్చాడు. కంప్యూటర్ తెర మీద ప్రూఫు చూశాడు. అధ్యక్షుడి పేరు, కార్యదర్శి పేరు, మేస్త్రీ పేరు, మైకు సెట్టు అరువిచ్చినాయన పేరు, అన్నీ వరసగా ఉన్నాయి. ఐదో లైను మీద వేలు పెట్టి, "ఇది తీసెయ్యండి. కార్డు ఇరుకవుతోంది," అన్నాడు ట్రెజరర్.

ఐదో లైనులో ఉన్నది బావ పేరు.

బావమరిది ఏమీ అనలేదు. మనసులో మాత్రం చాలా అన్నాడు. మనసులో తిట్టడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కానీ ఆ సంఘం పాటల పుస్తకాలూ, కరపత్రాలూ అన్నీ అతని షాపుకే వస్తాయి. వేలు మీట మీద పడింది. లైను పోయింది. కింది లైను పైకి జరిగి, అక్కడ ఎప్పుడూ ఎవరూ లేనట్టే సర్దుకుని కూర్చుంది.

మర్నాడు బావ షాపుకొచ్చాడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని మళ్ళీ చూశాడు.

"చాలా బావుందిరా," అన్నాడు. "ఒక్క అచ్చుతప్పు లేదు."

ప్రారంభోత్సవం రోజున కొత్త ప్రసంగ వేదిక మీద అధ్యక్షుడి అల్లుడు నిలబడ్డాడు. బావ చివరి వరసలో, చెప్పుల స్టాండు పక్కన కూర్చుని అందరికంటే గట్టిగా పాటలు పాడాడు. రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. సేవను విస్తరించే ఉద్దేశంతో ఆయన్ని ఊరికి ఆ చివర ఒక శాఖ మొదలుపెట్టమంటున్నారట. ఆరు నెలల్లో ఇరవై ఐదుగురు సభ్యులు చేరాలట. చేరకపోతే శాఖ మూసేసి, అయ్యగారికి సేవ నుంచి విశ్రాంతి కల్పిస్తారట.

బావకి యాభై ఎనిమిది. ఆ పని తప్ప ఇంకో పని తెలియదు. ఇంకో పని కావాలని ఎప్పుడూ అనుకోనూ లేదు.

"విశ్రాంతి అంటే ఏంటో తెలుసా బావా?" అన్నాడు బావమరిది పళ్ళు నూరుతూ. "మెడబట్టి గెంటడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు."

"తెలుసురా. అందుకే ఇరవై ఐదు మందిని వెతకాలి. నువ్వొకడివి రాసుకోనా?"

"నన్ను రాసుకుంటే ఉన్నవాళ్ళు కూడా పారిపోతారు."

బావమరిదికి దేవుడితో మాటల్లేవు. కొట్లాట ఎప్పుడు జరిగిందో అతనికే గుర్తులేదు గానీ, మాటలు మాత్రం లేవు. పాత పుస్తకాల బండి దగ్గర ఏరి తెచ్చిన పుస్తకాలన్నీ షాపులో బల్ల కింద పోగుపెట్టుకుని, పని లేనప్పుడు చదువుతూ, చదివినకొద్దీ లోకం మీద ఇంకాస్త మండిపడుతూ ఉండేవాడు. అయినా బావ కొత్త శాఖకి వైర్లు లాగిందీ, ఫ్యాన్లు బిగించిందీ, బోర్డు రాయించిందీ అతనే. ఎందుకు చేస్తున్నాడో అక్క అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ శాఖ ఒక టైర్ల షాపు మేడ మీద ఉండేది. ఇనప మెట్లు. ఎవరు ఎక్కినా వీధంతటికీ తెలుస్తుంది. గదికి ఆకుపచ్చ రంగు, అదీ మనిషి ఎత్తు వరకే. పైన సున్నం. ఒకే ఒక్క కిటికీ, తీస్తే పక్కింటి గోడ. రబ్బరు వాసన అక్కడి గాల్లో కలిసిపోయి, రెండో వారానికల్లా ముక్కుకి తెలియకుండా పోయింది. అదే అంతస్తులో ఇంకో తలుపుంది. దాని మీద "పళ్ళ డాక్టరు" అని రాసి, ఎటు వెళ్ళాలో తెలియని బాణం గుర్తు ఒకటి వేశారు.

మొదటి ఆదివారం ముగ్గురొచ్చారు. ఒకరు అక్క. ఇంకొకరు బావమరిది, అతను వచ్చింది ట్యూబులైటు మార్చడానికి. మూడో ఆయన లావుపాటి మనిషి. చెంపకి చేయి ఆనించుకుని మొదటి వరసలో కూర్చుని, ప్రసంగం మొదలైన దగ్గర్నుంచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మధ్యమధ్య మూలిగాడు. బావకి ఒళ్ళు పులకరించింది. పందొమ్మిదేళ్ళలో ఒక మనిషి అంతగా కరిగిపోవడం ఆయన చూడలేదు. ఇరవై నిమిషాల ప్రసంగాన్ని గంట చేశాడు. ముగించి, కిందికి దిగొచ్చి, ఆయన భుజం మీద చేయి వేశాడు.

"అన్నా, ఏంటి మీ భారం? దించుకోండి."

"పన్నండీ," అన్నాడు లావుపాటాయన. "కింది దవడ. నా నంబరు ఇంకా రాలేదా?"

బావమరిది నిచ్చెన మీద ఉన్నాడు కాబట్టి నవ్వు ఆపుకోవడానికి ట్యూబులైటునే పట్టుకోవాల్సి వచ్చింది. బావ ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత ఆయన్ని చేయి పట్టుకుని పక్క తలుపుకి తీసుకెళ్ళాడు. ఆదివారం సెలవు. డాక్టరు ఇల్లు ఎక్కడో కనుక్కుని, అక్కడిదాకా నడిపించి, పన్ను ఊడేదాకా పక్కనే కూర్చున్నాడు. మరుసటి వారం దవడాయన నిజంగానే వచ్చాడు. "మీరు చెప్పింది ఒక్క ముక్క ఎక్కలేదండీ, నొప్పిలో ఉన్నాగా. మళ్ళీ చెప్పండి," అన్నాడు. మొదటి సభ్యుడు అతనే.

ఆ గదిలో ఏదీ అనుకున్నట్టు జరిగేది కాదు. అందరూ తలలు వంచుకుని మౌనంగా ప్రార్థన చేసే సమయానికే కింద కంప్రెసర్ ఆన్ అయ్యేది. టైరులోకి గాలెక్కే బుస్సుమన్న చప్పుడు, చివర్లో "టప్" అన్న శబ్దం. కొన్నాళ్ళకి బావ కూడా దానికి అలవాటుపడి, ఆ "టప్" వినబడ్డాకే ఆమేన్ అనేవాడు.

కింద షాపు ఆసామి కళ్ళు చికిలించి మాట్లాడే మనిషి. ఒకరోజు మెట్ల దగ్గర బావని ఆపాడు.

"అయ్యగారూ, ఒకటి అడగనా? మేం ట్యూబుని నీళ్ళల్లో ముంచితే బుడగలొస్తాయి. మీరు మనిషిని ముంచితే ఏమొస్తాయండీ?"

"అవే వస్తాయి. చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది."

"మరి ప్యాచీ?"

"అది పైవాడి పని. నాకు తొట్టి పట్టుకోవడం వరకే వచ్చు."

ఆసామి ఆ మాట రోజంతా వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. కానీ మెట్లు మాత్రం ఎక్కలేదు.

నాలుగు నెలలు గడిచేసరికి లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. ఇంటింటికీ తిరిగి బావ చెప్పులు రెండుసార్లు కుట్టించుకున్నాడు. ఒక ఇంట్లో కుక్క తరిమింది. ఒక ఇంట్లో ఆయన్ని గ్యాసు పొయ్యి బాగుచేసేవాడనుకుని రెండు గంటలు కూర్చోబెట్టి పొయ్యి చూపించారు. ఇంటికొచ్చి అవన్నీ అక్కకి అభినయించి చూపించేవాడు. అక్క నవ్వీ నవ్వీ, గిన్నె పక్కనపెట్టి, "ఇంక రెండు నెలలేగా?" అనేది.

కరపత్రాలు పంచుదామన్నది అక్క ఆలోచన. బావ తన చేత్తో రాసిచ్చాడు. పైన పెద్ద అక్షరాల్లో "ఉచిత రక్షణ". దాని కింద: వెల చెల్లించనక్కరలేదు. అర్హత అక్కరలేదు. వయసుతో పని లేదు. ఉన్నవారు ఉన్నట్టే రండి. ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, టైర్ల షాపు మేడ మీద. అన్నిటికంటే అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, సంఘం పేరు.

ఆ వారం బావమరిది షాపులో ఊపిరాడని పని. కుట్టు నేర్పేవాళ్ళూ, టైపు నేర్పేవాళ్ళూ, డ్రైవింగు నేర్పేవాళ్ళూ, అందరి కరపత్రాలూ అతని దగ్గరే. ఏదైనా కొత్త కరపత్రం చేయాలంటే పాతదాన్ని తెరిచి, దాని మీది మాటలు మార్చడం అతని పద్ధతి. చుట్టూ చుక్కలూ, మధ్యలో ఎర్ర పలకా ఉన్న పాత కరపత్రం ఒకటి తెరిచాడు. కింది మాటలన్నీ మార్చాడు. పై మాట మార్చబోతుంటే ఫోను మోగింది. ఫోను పెట్టేశాక చూస్తే తెర మీద ఎర్ర పలకలో "ఉచిత" అని ఉంది, ఆ పక్కన "క్షణ"తో ముగిసే మాట ఒకటి ఉంది. సరిగ్గానే ఉందనుకున్నాడు. ప్రూఫు చదివిన బావ తను రాసిందే చదువుకున్నాడు. అక్క ఎర్రరంగు బావుందంది. ఐదువందల కాగితాలు వీధుల్లోకి వెళ్ళాయి.

ఆదివారం తొమ్మిది కాకముందే ఇనప మెట్లు మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది. కుర్చీలు నిండాయి. గోడ పక్కన నిలబడ్డారు. గుమ్మంలో నిలబడ్డారు. నలభై మందికి తక్కువ ఉండరు. బావ ముఖం చూడాలి! చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో మూడుసార్లు తడుముకున్నాడు. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి చేతులు పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని ఒక పడుచు అడిగింది.

"ఎన్నాళ్ళో ఎందుకు తల్లీ, క్షణం చాలు."

"క్షణంలో వచ్చేస్తుందా! మా ఆడపడుచుకి ఆరునెలలు పట్టింది."

"ఒక్కొక్కళ్ళ హృదయం ఒక్కోలా ఉంటుందమ్మా."

"సర్టిఫికెట్ ఇస్తారా?" అన్నాడు ఒక కుర్రాడు.

"కాగితం ఎందుకు బాబూ, పైన గ్రంథంలోనే నీ పేరు రాస్తారు."

"పైన అంటే మూడో అంతస్తా?"

బావ దాన్ని హాస్యం అనుకుని హాయిగా నవ్వాడు.

"మధ్యలో మానేస్తే మళ్ళీ చేర్చుకుంటారా?" అన్నాడు ఒక నడివయసాయన.

"ఎన్నిసార్లు వెళ్ళిపోయినా సరే. తండ్రి తలుపు తీసే ఉంచుతాడు."

"ఓహో, మీ నాన్నగారా ప్రిన్సిపాలు?"

వెనక ఫ్యాను రెగ్యులేటరు బిగిస్తున్న బావమరిది పక్కన ఒకావిడ కూర్చుంది. వీధి మొగలో బల్ల వేసుకుని ఇస్త్రీ చేసే మనిషి. అతని వైపు వంగి మెల్లగా అడిగింది.

"అబ్బాయ్, మిషన్లు ఇంకా రాలేదా?"

"ఏం మిషన్లు?"

"కుట్టుమిషన్లు. నేర్పుతామని ఇందులో ఉందిగా?" అని కాగితం చేతిలో పెట్టింది.

బావమరిది చూశాడు. ఎర్ర పలకలో తెల్లటి అక్షరాలు. ఉచిత శిక్షణ. స్క్రూడ్రైవరు చేతిలోంచి జారి ఆమె కాళ్ళ దగ్గర పడింది. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళి, కాగితాన్ని బావ ముఖం ముందు పెట్టాడు.

బావ చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు బావమరిది. అక్కా అలాగే అనుకుని లేచి వచ్చింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేక కుర్చీ కోసం వెతుక్కుని, ఖాళీ లేక, నేల మీదే కూర్చుండిపోయాడు. నలభై మందీ ఆయన్నే చూస్తున్నారు.

చివరికి లేచి కళ్ళు తుడుచుకుని చెప్పాడు. "అమ్మా, అయ్యా, తప్పు మాదే. ఇక్కడ మిషన్లు లేవు. కారు లేదు. కంప్యూటరు లేదు. నేను పాస్టర్ని. రక్షణ అని రాయబోతే శిక్షణ అయింది. క్షమించండి."

గది గొల్లుమంది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. "పొద్దున్నే పని మానుకుని వచ్చాం!" అని ఒకాయన కాగితం ఉండచుట్టి కిటికీలోంచి పక్కింటి గోడకి కొట్టాడు. మెట్లు మళ్ళీ మోగాయి, ఈసారి కిందికి. ఇస్త్రీ ఆవిడ మాత్రం కదల్లేదు.

"ఏమ్మా?" అన్నాడు బావ.

"నాకు కుట్టు రాకపోయినా పర్లేదు. చదవడం నేర్పండి. ఈ కాగితం మా పక్కింటామె చదివి చెప్పింది. ఆమె తప్పు చదివిందేమోనని దార్లో ముగ్గురికి చూపించా. ముగ్గురూ శిక్షణే అన్నారు. మీరేమో కాదంటున్నారు. ఇంక ఎవర్ని నమ్మాలి నేను? నాకొస్తే నేనే చూసుకుంటాగా."

రేకుల షెడ్డు రోజుల్లో పాటల పుస్తకం చదవలేని వాళ్ళకి బావే అక్షరాలు దిద్దించేవాడు. తర్వాత భవనం కట్టే హడావిడిలో అది మరుగున పడిపోయింది.

"రేపు సాయంత్రం ఐదింటికి రా అమ్మా," అన్నాడు.

గుమ్మం దగ్గర ఇంకో పదిమంది ఆగారు. "మేమూ రావచ్చా?" అన్నారు.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతూ బావమరిది తలెత్తకుండా అన్నాడు. "బావా, నా తప్పే. కావాలని చెయ్యలేదు."

"తెలుసురా. ఇది అచ్చుతప్పు. ఆ కార్డుది అచ్చంగా తప్పు. రెంటికీ తేడా నాకు తెలీదనుకున్నావా?"

బావమరిది చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ట్రెజరరే. 'మేం కాదండీ అయ్యగారూ, మీ బావమరిదే తీసేశాడు' అని ఆ వారమే చెప్పాడు."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కసారి అడగలేదేం?"

"అడిగితే నువ్వేడుస్తావు. నువ్వేడిస్తే మీ అక్క ఏడుస్తుంది. నాకు అన్నం ఎవరు పెడతారు? అదీకాక," అని బావ ఫ్యాన్ల వైపు చూపించాడు, "ఆ తప్పు దిద్దుకోవడానికే కదరా నాలుగు నెలల్నుంచి వైర్లు లాగుతున్నావు, లైట్లు వేస్తున్నావు. నేను ముందే క్షమించేస్తే ఇవన్నీ ఎవడు చేసేవాడు?"

"నువ్వు పాస్టరువి కాదు బావా, వడ్డీవ్యాపారివి," అన్నాడు బావమరిది. అప్పటికిగానీ చేతిలో కుర్చీ కింద పెట్టలేదు.

సోమవారం నుంచి సాయంత్రాలు ఆ గదిలో అక్షరాలు మొదలయ్యాయి. అరచేయంత అక్షరాలతో కాగితాలు అచ్చువేసి తెచ్చే పని బావమరిది మీద పడింది. బావ ఒక నియమం పెట్టాడు. ఎవరికి ఏది చదవాలని ఉందో అదే తెచ్చుకోవాలి. దవడాయన మాత్రల అట్ట తెచ్చాడు. పెద్ద బంగళా దగ్గర కాపలా ఉండే తాత తన గేటు మీద బోర్డులో ఉన్న అక్షరాల్ని బొమ్మ గీసినట్టు గీసుకొచ్చాడు. మూడు వారాలు కూడబలుక్కుని, "అ-ను-మ-తి లే-ని-దే లో-ప-లి-కి రా-రా-దు" అని పూర్తిచేశాడు. చేసి, నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఓరి నాయనో! పదకొండేళ్ళ నుంచి ఆ బోర్డు కింద కూర్చుని వచ్చినవాడినల్లా రండి రండి అంటున్నానే!"

గదంతా కడుపు పట్టుకుని నవ్వింది. కింద కంప్రెసర్ ఆగిపోయింది. ఏం జరిగిందో చూద్దామని ఆసామి మొదటిసారి మెట్లెక్కాడు. గుమ్మంలో నిలబడి చూసి, దిగిపోయాడు. మర్నాటి నుంచి ఐదింటికి కంప్రెసర్ వేయడం మానేశాడు.

ఇస్త్రీ ఆవిడ అందరికంటే ముందుంది. ఇదివరకు బట్టలు కలిసిపోకుండా కాలర్ల లోపల ఒక చుక్క, రెండు చుక్కలు, ఒక గీత, ఇలా గుర్తులు పెట్టుకునేది. ఇప్పుడు పేర్లు రాయడం మొదలెట్టింది. బావ తెల్లచొక్కా కాలరు వెనక నీలం సిరాతో "అయ్యగరు" అని రాసింది. దీర్ఘం పోయింది. బావ ఆ చొక్కాతోనే ఆదివారం ప్రసంగం చేశాడు. వెనక్కి తిరిగినప్పుడల్లా కాలరు ఎత్తిపెట్టి మరీ చూపించాడు.

ఇంత జరిగినా ఆదివారం లెక్క పద్నాలుగే. సాయంత్రాలు ముప్పై మంది వచ్చేవాళ్ళు, అందులో ఆదివారం వచ్చేది కొద్దిమందే. రమ్మని బావ ఒక్కసారీ అడగలేదు. "అక్షరం చూపించి దేవుణ్ణి అంటగడితే అది బేరం అవుతుందిరా," అనేవాడు. బావమరిదికి ఒళ్ళు మండిపోయేది. "నీ నీతి నువ్వు పట్టుకో. గడువు పదిరోజులుంది," అనేవాడు.

ఆఖరి ఆదివారం లెక్క చూసుకోవడానికి ట్రెజరర్ వస్తున్నాడని కబురొచ్చింది. బావమరిది అక్కతో మంతనాలాడాడు.

"అబద్ధం చెప్పించొద్దురా," అంది అక్క.

"చెప్పించేదేముందక్కా? వచ్చి కూర్చోవడమేగా. కుర్చీలో కూర్చోవడం ఎప్పట్నుంచి అబద్ధమైంది?"

అక్క ఆలోచించింది. "తాతకి నేను చెప్తాలే," అంది.

ఆదివారం ట్రెజరర్ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చేసరికి ముప్పై మూడు మంది బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఆయన ముఖం వాడిపోయింది. బావమరిది గోడకి ఆనుకుని, జీవితంలో మొదటిసారి ఒక ఆరాధనని ఆనందంగా చూస్తున్నాడు. బావ మాత్రం వచ్చినవాళ్ళని చూసి కనుబొమలు ఎగరేశాడు, ఏమీ అనకుండా ప్రసంగం ముగించాడు.

ట్రెజరర్ లేచి వరసల మధ్య నడిచాడు. ఇస్త్రీ ఆవిడ దగ్గర ఆగాడు.

"అమ్మా, నీకు రక్షణ ఉందా?"

ఆవిడ నిటారుగా కూర్చుంది. "లేదండీ. శిక్షణే ఉంది. బండి 'ఱ' దాకా వచ్చింది."

దవడాయన నవ్వు ముందు పేలింది. తర్వాత ఎవరూ ఆగలేదు. ట్రెజరర్ బావ వైపు తిరిగాడు.

"అయ్యగారూ, వీళ్ళల్లో సంఘం ఎంతమంది?"

బావమరిది బావ కళ్ళల్లోకి చూశాడు. ఒక్క అంకె చెప్తే చాలు. మళ్ళీ అడిగేవాడు లేడు, సరిచూసేవాడు లేడు.

"పద్నాలుగు," అన్నాడు బావ. "తక్కినవాళ్ళు అక్షరాలకొచ్చేవాళ్ళు. ఇవాళ ఎందుకొచ్చారో నా బావమరిదిని అడగాలి."

తాత లేచి నిలబడ్డాడు. "నన్నూ రాసుకోండి బాబూ. నేను రోజూ వస్తాగా."

"కూర్చో తాతా," అన్నాడు బావ మెత్తగా. "నా ఉద్యోగం కోసం నీ పేరు రాయించొద్దు. నీకోసం రాయించుకోవాలనిపించినప్పుడు చెప్పు."

ట్రెజరర్ పద్నాలుగు అని రాసుకుని, కింద గీత గీసి, వెళ్ళిపోయాడు.

బుధవారం వ్యాను వచ్చింది. కుర్చీలు, మైకు, బోర్డు అన్నీ ఎక్కించారు. ఉత్తరం కూడా ఆ వ్యానులోనే వచ్చింది. మధ్యాహ్నం బావమరిది వెళ్ళేసరికి ఖాళీ గది మధ్యలో బావ చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

"ఏం బావా?"

బావ నవ్వలేదు. "నిజంగానే నాకు చేతకాదేమోరా," అన్నాడు. "అక్కడ కూడా వాళ్ళంతట వాళ్ళే వచ్చారేమో. పందొమ్మిదేళ్ళూ నేను ఊరికే పక్కన నిలబడి ఉన్నానేమో."

బావమరిది చీపురు లాక్కుని తను ఊడవడం మొదలెట్టాడు.

ఇంతలో ఇనప మెట్ల మీద దడదడమని చప్పుడు. మనుషులు ఎక్కుతున్న చప్పుడు కాదది. గుమ్మంలోంచి ఒక టైరు దొర్లుకుంటూ వచ్చి గోడకి తగిలి పడింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక చెమటలు కక్కుతూ ఆసామి.

"కింద చోటు చాలడం లేదండీ," అన్నాడు కళ్ళు చికిలించి. "అరిగిపోయినవి. పైన పడేస్తున్నా. గది ఊరికే ఉంటే ఎలకలు చేరతాయి. మీరైతే కనీసం పాడతారు. మీ వాళ్ళు వీటి మీద కూర్చుంటే నాకేం అభ్యంతరం లేదు."

"పాస్టర్ని కాదయ్యా ఇప్పుడు నేను," అన్నాడు బావ.

"అలాగా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు ఆసామి, మూడో టైరు కోసం దిగుతూ.

తర్వాతి ఆదివారం పద్నాలుగు మందీ వచ్చారు. తాత వచ్చాడు, ఇస్త్రీ ఆవిడ వచ్చింది. రెండేసి టైర్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని గుండ్రంగా కూర్చున్నారు. లేచేసరికి అందరి తెల్లబట్టలకీ వెనక నల్లటి సున్నాలు. ఆ రోజు నుంచి ఆ సంఘం వాళ్ళని వీధిలో వెనక నుంచి చూసి గుర్తుపట్టేవాళ్ళు. "మరకలు చేసుకోండి, చేసుకోండి, చివరికి నా బల్ల మీదికేగా వచ్చేది!" అని ఇస్త్రీ ఆవిడ మొత్తుకుంది.

వాక్యం చదవమని బావ పుస్తకం ఆమె చేతిలోనే పెట్టాడు. మూడు వరసలు. ప్రతి ఒత్తు దగ్గరా ఆగి, వేలితో నొక్కిపట్టి, ఊపిరి తీసుకుని, ఆమె చదువుతుంటే పదహారు మంది పెదాలూ ఆమెతోపాటు కదిలాయి. మూడో వరస అయ్యేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. గుమ్మంలో నిలబడ్డ బావమరిది అప్పటిదాకా నిలబడే ఉన్నానని గమనించుకోలేదు. బావ పుస్తకం మూసి, "ఇంక నేను చెప్పేదేం లేదు, టీ తాగండి," అన్నాడు.

కాగితాల మీద బావ ఇప్పుడు పాస్టరు కాదు. ఆ సంగతి తాతకీ, దవడాయనకీ చెప్పినా లాభం లేదు. చదివేటప్పుడు కష్టమైన ఒత్తులు మింగేసినట్టే దాన్నీ మింగేస్తారు. పొద్దున బావ ఒక కొట్లో చీటీలు రాసిపెడతాడు. సాయంత్రం అక్షరాలు. బావమరిది పెద్ద సంఘం పని మానేశాడు. అడిగితే, "కార్డులు ఇరుకవుతున్నాయి," అంటాడు.

మొన్న గురువారం బస్టాపులో ఇద్దరూ ఎదురుపడ్డారు. బావ చంకలో అక్షరాల కాగితాల చుట్ట, చొక్కాకి వెనక నల్లటి సున్నా. బస్సు కదలబోతోంది.

"ఆదివారం వస్తున్నావా?" అన్నాడు బావ ఒక కాలు మెట్టు మీద పెట్టి.

"నాకూ మీ దేవుడికీ మాటల్లేవని తెలుసుగా బావా."

"మాటలు ఎవరడిగార్రా? కొత్తగా ఒక పెద్దాయన వస్తానంటున్నాడు. కాళ్ళు పడిపోయాయి, తొంభై కిలోలుంటాడు, మనకేమో ఇనప మెట్లు." బస్సు కదిలింది. బావ కమ్మీ పట్టుకుని బయటికి వంగి అరిచాడు. "నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. భుజాలున్నాయిగా నీకు?"